ఒళ్లు దులపని యాట

"ఇంకో చెంబు పొయ్యుండ్రి" అన్నాడు అంబదాస్.

పోశారు. పసుపు నీళ్లు మేకపోతు వెన్ను మీదుగా జారి, పొట్ట కిందికి చేరి, చుక్కలుగా నేల మీద పడ్డాయి. అది కదల్లేదు. మెడలో వేపమండల దండ, నుదుట కుంకుమ, చుట్టూ ఇంతమంది జనం, ఇవేవీ తన కోసం కాదన్నట్టు పెరటి గోడ వైపు చూస్తూ నిలబడింది.

నీళ్లు పడగానే యాట ఒళ్లు దులపాలి. దులిపితే పోచమ్మ తల్లి మొక్కు ఒప్పుకున్నట్టు, ఇక కత్తి తీయవచ్చు. దులపకపోతే ఇంట్లో ఎవరిదో తప్పు ఉన్నట్టు. ఖానాపూర్‌లో ఈ సంగతి తెలియనివాళ్లు లేరు కనుక కమలవ్వ పెరటి గోడ మీద అప్పటికే నాలుగైదు తలలు మొలిచాయి. పెండ్లికి బొట్టు పెట్టి పిలిచినా తీరిక లేదనేవాళ్లు ఇలాంటి చోటికి పిలవకుండానే వస్తారు.

"పొద్దుగాల్నుంచి గిదే తీరు. గిది దులపదు, మనం కొయ్యం. నూరిన మసాల గట్లనే ఎండుతుంది" అంటూ అంబదాస్ నుదురు తుడుచుకున్నాడు. ఆయన కమలవ్వ తమ్ముడు. అక్క ఇంట్లో ఏ కార్యం జరిగినా పెద్దరికం ఆయనదే, మొదటి ముద్దా ఆయనదే.

కమలవ్వ పసుపు కుంకుమలు, వెలిగించిన దీపం ఉన్న పళ్లెం పట్టుకుని పోచమ్మ గద్దె పక్కన నిలబడి ఉంది. గల్ఫ్ జైల్లో పడ్డ పెద్ద కొడుకు క్షేమంగా ఇల్లు చేరితే యాటనిస్తానని ఏడేండ్ల కింద మొక్కింది ఆమే. కొడుకు పోయిన వారం వచ్చాడు. తల్లి కాళ్లకు మొక్కి, సంచిలోంచి నల్ల అట్ట బైబిలు తీసి గూట్లో పెట్టుకున్నాడు. ఆ రోజు మొదలైన రభస ఇవాళ ఈ యాట దగ్గరికి వచ్చి ఆగింది.

ఆ పెద్ద కొడుకు కరుణాకర్ ఇప్పుడు పెరటి తలుపు అవతల ఉన్నాడు. లోపలికి రాడు, దూరంగానూ పోడు.

"ఒక్క చెంబు పొయ్యి కొడుకా" అంది కమలవ్వ. "నీ కోసమే గద మొక్కిన."

"పొయ్యనవ్వా. నీ మాట కాదనుడు కాదు. నా కోసం ఒకాయన తన రక్తమే పోసిండు. గా బలి ఒక్కసారే. మల్ల మల్ల ఇచ్చేది కాదు. నీ మొక్కు నువ్వు తీర్చుకో, నేను అడ్డం రాను. నా చెయ్యి మాత్రం పెట్టియ్యకు."

"ఆయన తెచ్చిండా నిన్ను? నేను దినాం దీపం ముట్టిచ్చిన గీ తల్లి తెచ్చింది."

"చచ్చినోని తల్లి తెచ్చిందవ్వా. గామె మాఫ్ చేసిన అని కాయితం మీద ఏలిముద్ర ఏస్తేనే నన్ను ఇడిసిండ్రు."

అంబదాస్‌కు ఈ మాటలు నచ్చలేదు. గోడ మీది తలలకు కూడా వినపడేలా గొంతు పెంచాడు. "మనిషిని చంపొచ్చినోడు, ఇంటి దేవతను కాదన్నోడు గుమ్మంల నిలవడితే యాట ఎట్ల దులుపుతది అక్కా? మనం దానికి నీళ్లు పోసి ఏం ఫాయిదా?"

కరుణాకర్ తల దించుకోలేదు. కోపం తెచ్చుకోలేదు. ఆ నెమ్మది చూస్తే అంబదాస్‌కు ఇంకా ఒళ్లు మండింది.

తల దించుకున్నది నరేశ్. యాట తాడు పట్టుకుని నిలబడ్డ చిన్న కొడుకు. మామ అన్న ప్రతి మాటా అన్న మీద పడుతుంటే, అది తన చెంప మీద పడుతున్నట్టు ఉంది అతనికి. ఎందుకంటే ఆ మనిషిని చంపింది అన్న కాదు. తనే.

ఈ సంగతి తెలిసినవాళ్లు ఇద్దరే అని నరేశ్ అనుకుంటున్నాడు. తనూ, అన్నా.

ఇవాళ తెల్లవారుజామున బోరింగు దగ్గర అన్న మొహం కడుక్కుంటుంటే పోయి అడిగాడు కూడా. "అందరికి చెప్పేస్తనన్నా. నాతోటి అయితలేదు. నీతోటి కూసోని బువ్వ తింటుంటే గొంతుల దిగుతలేదు."

"చెప్పి ఏం జేస్తవ్‌రా?"

"నా వంతు పొలం నీ పేరు మీద రాస్త. ఇల్లు సుత రాస్త."

కరుణాకర్ తుండుతో మొహం తుడుచుకుని నవ్వాడు. "జైల్ల జార్జి అని ఒక మలయాళపాయన ఉండె. దినాం నాకు బైబిలు చదివి చెప్పేటోడు. ఒకదినం నేను గిట్లనే అన్న. యేసయ్య నా కోసం గింత చేసిండు, నేను ఆయనకు ఏం జేసి రుణం తీర్చుకోవాలె అని. జార్జి ఏమన్నడు ఎరుకేనా? నీకు ఇచ్చుడు వస్తది కరుణా, తీసుకునుడు రాదు అన్నడు. ఇచ్చినోనికి వాపస్ ఇస్తనంటే గాయన చేసింది బేరమైపోతదిరా. నీకు గుడ గిదే చెప్తున్న. తీసుకో. మల్ల ఎన్నడు గా మాట ఎత్తకు."

తీసుకో అని ఎంత తేలిగ్గా అన్నాడు అన్న! నరేశ్‌కు ఆ మాట మింగుడు పడలేదు. ఏడేండ్లుగా అదే పని చేస్తున్నాడు తను. తీసుకుంటూనే ఉన్నాడు. అన్న లేని ఇంటిని తమ్ముడు నిలబెట్టాడని ఊరంతా మెచ్చుకుంటే ఆ మెప్పు కూడా తీసుకున్నాడు. పొలం ఎంత దూరమైనా నడిచే పోతాడు, డబ్బు మిగుల్చుకోవడానికి బండి కూడా ముట్టడు, ఎంత పొదుపరో అని వాళ్లూ వీళ్లూ అంటే అదీ విన్నాడు. సిగ్గుతో చావలేదు, అంతే.

"ఇంటిల్లిపాది ఒక్కొక్కలు రాండ్రి" అన్నాడు అంబదాస్. "తప్పు ఎవలదైనా సరే, ఒప్పుకోని నీళ్లు పొయ్యుండ్రి. ముందుగాల నువ్వు పొయ్యక్కా."

కమలవ్వ పళ్లెం కింద పెట్టి చెంబు తీసుకుంది. పెదవులు కదిలాయి గానీ ఏమి వేడుకుందో ఎవరికీ వినపడలేదు. నీళ్లు పోసి, కండ్లు మూసుకుని, చాలాసేపు అట్లాగే ఉంది. యాట చెవి కూడా ఆడించలేదు.

తర్వాత నరేశ్ భార్య మమత వచ్చింది. "తెలిసో తెల్వకో తప్పయితే కడుపుల పెట్టుకో తల్లీ" అని పోసింది. అంబదాస్ కూడా పోశాడు. తన తప్పులేమీ బయటికి చెప్పలేదు.

నరేశ్ తాడు మమతకిచ్చి చెంబు కోసం చెయ్యి చాపాడు.

"నువ్వొద్దు బిడ్డా" అంది కమలవ్వ గబుక్కున. "నువ్వు తాడు ఇడువకు. ఇడిస్తే అది ఉరుకుతది."

ఉరికే ఉద్దేశం ఆ యాటలో ఏ కోశానా కనపడటం లేదు. అయినా నరేశ్ మళ్లీ తాడు పట్టుకున్నాడు. పోయకుండా తప్పించుకున్నందుకు అతని ఒళ్లు తేలికైంది. తేలికైనందుకు మళ్లీ సిగ్గేసింది.

అప్పుడు వంటింటి గడపలోంచి తిరుమల లేచింది.

తిరుమల కరుణాకర్ భార్య. పొద్దుటి నుంచీ ఆమె ఈ గోలలోకి రాలేదు. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూనే ఉంది. మొగుడు వచ్చిన ఈ వారంలో అతనితో ఆమె మాట్లాడిన మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అన్నం పెట్టింది, నీళ్లు తోడింది, పక్క వేరుగా పరిచింది. చాట పక్కన పెట్టి, తంబాకు అంటిన చేతులు కొంగుకు తుడుచుకుని, నేరుగా వచ్చి చెంబు అందుకుంది.

"ఆయన పొయ్యకుంటే నేను పోస్త" అంది. "పెండ్లాన్ని గద. ఆయన పాపంల నా వంతు ఎట్లన్న ఉన్నది."

"తిరుమలా, నువ్వెందుకు" అన్నాడు కరుణాకర్ తలుపు అవతల నుంచి.

ఆమె అటు చూడలేదు. నీళ్లు పోసి, తడి నేల మీద మోకాళ్లూని, యాట ముందు కాళ్లు రెండూ పట్టుకుంది. తల ఆ గిట్టల మీద పెట్టింది.

"తాగి బండి నడిపిండో, నిద్ర పట్టి నడిపిండో నాకు తెల్వదు తల్లీ. ఒక తల్లి కొడుకును మా ఇంటాయన చంపిండు. గా పాపం నా బిడ్డ మీదికి రానియ్యకు. ఏమన్నుంటే నా మీద ఎయ్యి. నేను మోస్త."

నరేశ్ చేతిలోంచి తాడు జారింది.

యాట ఉరకలేదు. అతనే రెండడుగులు వెనక్కి వేసి, మళ్లీ ముందుకొచ్చి, వంగి తిరుమల భుజం పట్టుకోబోయి ఆగిపోయాడు. పట్టుకునే ముఖం తనకు లేదనిపించింది.

"లే వదినే. దాని కాళ్లు ఇడువు. అన్న చంపలే."

"నరేశ్!" కరుణాకర్ గొంతు మొదటిసారి లేచింది. పొద్దుటి నుంచీ దాటని ఆ తలుపును ఒక్క ఊపులో దాటి లోపలికొచ్చాడు. "నోర్మూసుకో. నీకు పొద్దున ఏం చెప్పిన?"

"దుబాయిల గా దినం అన్నతోటి నేను సుత ఉన్న. బండి నడిపింది నేను వదినే. అన్న నడపలే. అన్న తాగలే. జరసేపు నాకియ్యన్నా, నేర్చుకుంట అని నేనే గుంజుకున్న. శుక్రవారం, రోడ్డు ఖాళీగ ఉండె. సైకిల్ మీద వచ్చిండు ఆ మనిషి. నేను బిరేకు అనుకోని ఇంకోటి తొక్కిన." నరేశ్ మాట తడబడుతోంది, ఏడుపు రావడం లేదు. "పోలీసోళ్లు రాకముందే అన్న నన్ను ఇటు జరిపి తను అటు కూసున్నడు. నాకు లైసెన్సు లేదు. నువ్వు ఇంటికి పో, మమత కడుపుతోటి ఉన్నది అన్నడు. నేను పోయిన. వద్దన్నా అని ఒక్కసారి సుత అనలే. మాట వినుకుంట వచ్చి విమానం ఎక్కిన."

మమత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మెట్టు మీద కూలబడింది. గోడ మీది తలల్లో ఒకటి మాయమైంది. కబురు బజారుకు బయల్దేరింది.

"ఏందిరా నువ్వనేది? జర సోయిల ఉండి మాట్లాడు" అన్నాడు అంబదాస్.

"సోయిలనే ఉన్న మామా. గా ముసలవ్వ మాఫ్ చేసింది అన్నను. ఆమెకు నా పేరు సుత తెల్వదు. నన్ను ఎవలు మాఫ్ చెయ్యలే ఇంకా."

తిరుమల నెమ్మదిగా లేచి నిలబడింది. ఆమె నుదుటికి పసుపు నీళ్లు, మట్టి అంటుకున్నాయి. తుడుచుకోలేదు. మరిది వంక చూడనే లేదు.

"నిజమేనా?" అంది మొగుడితో.

కరుణాకర్ తమ్ముడి వైపు చూశాడు.

"నిన్నే అడుగుతున్న."

"నిజమే" అన్నాడు. "వానికప్పుడు పెండ్లయి ఏడాది కాలే తిరుమలా. పుట్టేటోని మొఖం సూడాల్నా వద్దా? నేనైతే మన ప్రవళికను సూసిన. ఎత్తుకున్న."

"నువ్వు సూసినవ్. బిడ్డ సూసిందా నిన్ను?"

అతను ఆమె వైపు ఒక అడుగు వేశాడు.

"నన్నడిగినవా?" తిరుమల గొంతు పెంచలేదు. పెంచితే బాగుండునని అక్కడ అందరికీ అనిపించింది. "ఫోన్లనైన చెప్తివా? జైలోళ్లు ఇంటరని చెప్పలేదనుకుంట. వచ్చి వారమైంది. గీ వారం ఎవలు విన్నరు?"

"చెప్తే దానికి ఇలువ పోతదనుకున్న. కుడి చెయ్యి చేసింది ఎడమ చెయ్యికి తెల్వొద్దు అంటరు మా..."

"నేను ఎడమ చెయ్యినా నీకు?"

ఆమె గోడ మీది తలల వైపు చెయ్యి చూపింది.

"తాగి మనిషిని చంపినోని పెండ్లాం అన్నరు నన్ను. బీడీల కాడ ఆకు ఇచ్చేటోడు సుత అన్నడు. పడ్డ. ఒకదినం బడిల ఎవలో పిల్ల మీ బాపు ఖూనీకోరట గదా అంటే ప్రవళిక కొట్లాడి వచ్చింది. మా బాపు గసొంటోడు కాదు అన్నదట. నేనేం జేసిన్నో ఎరుకేనా? చీపురు తిరగేసి కొట్టిన. అబద్దాలు ఎందుకాడుతున్నవే, నీ బాపు గసొంటోడే, ఒప్పుకోని తల దించుకో అని కొట్టిన. నిజం చెప్పిన పిల్లను అబద్దమాడుతున్నవని కొట్టిన. గా దెబ్బలు ఎవల ఖాతల ఏస్తవ్ చెప్పు?"

కరుణాకర్ చేయి ముందుకు చాచాడు. ఆమె అందకుండా జరిగింది.

"నీ యేసయ్య ఎవల పానం ఇచ్చిండు?"

"ఆయనదే" అన్నాడు మెల్లిగా.

"వేరేటోళ్లది ఇయ్యలే గద?"

"ఇయ్యలే."

"మరి నువ్వు నాది ఇచ్చినవ్. నా బిడ్డది ఇచ్చినవ్. మొక్కింది నువ్వు, మెడ మాది. మాకు తెల్వకుంటనే మాకు దండలేసి నిలవెట్టినవ్. గీ యాటకన్న నయమా మేము?"

నిజం చెప్పుకోవాలంటే, కరుణాకర్ మనసులో ఎక్కడో ఒక మూల చిన్న గర్వం ఉండేది. జైలు గదిలో మోకాళ్లూని, ప్రభువా నేను పాపిని అని రోజూ ఏడ్చినవాడే. ఏడ్చి లేచాక, నీ అంత కాకపోయినా నీలాగే నేనూ ఒకరి శిక్ష మోస్తున్నాను కదా అని ఓ పక్క అనుకునేవాడు. ఆ ఊహే అతన్ని అన్నేండ్లు నిలబెట్టింది. మామ ఖూనీకోరని తిట్టినా అతను నెమ్మదిగా నిలబడగలిగింది దాని బలంతోనే. ఇప్పుడది లేదు. ఊరి ముందు బట్టలు ఊడిపోయినవాడిలా ఉంది అతనికి. తమ్ముడికి తీసుకోవడం నేర్పుదామని చూశాడు పొద్దున. జార్జి మాట తనకే ఇంకా అర్థం కాలేదన్నమాట.

"తిరుమలా" అన్నాడు. "నేను ఇచ్చినోన్ననుకుంట బతికిన. కాదు. తీసుకున్నోన్ని. నిన్ను అడగకుంట నీ దగ్గర తీసుకున్న. గిప్పుడు నిన్ను మాఫ్ చెయ్యమనుడు సుత ఇంకోటి తీసుకునుడే అయితది. ఎట్ల అడగాలె?"

"నాకు తెల్వదు" అంది తిరుమల. "నువ్వే కూసోని సదువుకో, నీ బైబిల్ల ఉన్నదేమో."

అది ఎత్తిపొడుపో, నిజంగానే అన్నదో అతనికి తెలియలేదు. తల వంచుకున్నాడు. ఆ ఇంట్లో సిగ్గుతో అతని తల వంగడం అదే మొదటిసారి.

నరేశ్ ఏడవడం మొదలుపెట్టాడు. మమత లేచి అతని దగ్గరికి రాలేదు. అంబదాస్ ఏదో ఒకటి అనాలి కాబట్టి, "ఇంటి గుట్టు ఇంట్లనే మాట్లాడుకుందాం, ముందుగాల గీ యాట సంగతి సూడుండ్రి" అని అక్క వైపు తిరిగాడు.

తిరుమల కూడా అటే తిరిగింది. తిరిగి, అట్లాగే చూస్తూ ఉండిపోయింది.

కమలవ్వ పళ్లెం మళ్లీ చేతిలోకి తీసుకుని గద్దె పక్కనే ఉంది. పళ్లెంలో దీపం తొణకలేదు. చిన్న కొడుకు ఖూనీ ఒప్పుకున్నాడు, పెద్ద కొడుకు ఊరికే జైలు అనుభవించాడు, మమత కూలబడింది, అంబదాస్ అరిచాడు. ఆమె నోటి నుంచి మాత్రం ఏందిరా అని ఒక్క మాట కూడా రాలేదు.

"అత్తమ్మా" అంది తిరుమల. "నువ్వేం అడగవైతివి."

"ఏం అడగాలె బిడ్డా" అంది కమలవ్వ గద్దె వైపు చూస్తూ.

"అందర్ని పొయ్యమన్నవ్. నరేశ్‌ను పొయ్యనియ్యలే. చెయ్యి చాపినోన్ని ఆపి తాడు పట్టుకొమ్మన్నవ్."

"యాట ఉరుకుతదని..."

"నీకెప్పటి సంది ఎరుక?"

నరేశ్ ఏడుపు ఆగిపోయింది. "అవ్వా? నేను నీకు చెప్పలే గద?"

కమలవ్వ కొడుకు వైపు చూసింది. ఆ చూపులో జాలి ఉంది, భయం ఉంది, పట్టుబడ్డ మనిషి సిగ్గు కూడా ఉంది.

"దుబాయికెళ్లి వచ్చినకాడికెళ్లి నువ్వు బండి ముట్టలే బిడ్డా. సైకిల్ సుత తొక్కలే. కన్నదాన్ని, నాకు చెప్పాల్నా?" ఆమె గొంతు సన్నబడింది. "ఇద్దరు లోపల పడుడు కన్న ఒక్కడన్న బయట ఉండని అనుకున్న. వాడు పెద్దోడు, ఓర్చుకుంటడు అనుకున్న."

"నేను ఓర్చుకుంటనని గుడ నువ్వే అనుకున్నవా?" అంది తిరుమల.

కమలవ్వ పళ్లెంలో దీపం ఒత్తి ఎగదోసింది.

తిరుమల వంగి, కింద ఉన్న చెంబు తీసి, అందులో మిగిలిన నీళ్ల వైపు చూసింది.

"అందరి కన్న ముందుగాల నువ్వే పోసినవ్ అత్తమ్మా. చానసేపు కండ్లు మూసుకున్నవ్. ఏమని అడిగినవ్ తల్లిని?"

కమలవ్వ చేతిలో పళ్లెం ఒరిగింది. దీపం ఆరి, కుంకుమ ఆమె పాదాల మీద పడింది.

అప్పుడు యాట ఒళ్లు దులిపింది. మెడ దగ్గర మొదలుపెట్టి తోక దాకా, వేపమండలు రాలిపోయేలా దులిపింది. పసుపు నీళ్లు కరుణాకర్ చొక్కా మీద, నరేశ్ మొహం మీద, తిరుమల చేతుల మీద చింది పడ్డాయి. ఎవరూ తుడుచుకోలేదు.

అంబదాస్ అలవాటు కొద్దీ, ఒప్పుకున్నది తల్లి అనబోయి, అక్క మొహం చూసి, నడుముకున్న కత్తి మీది నుంచి చెయ్యి తీసేశాడు.